జువ్వి వేళ్ళ వెనక లేని డబ్బా

ఉదయగిరి బస్టాండు దగ్గర టీ అంగట్లో నోరు జారింది నేనే. "కొండ మీద ఎవరో ఒక డబ్బా దాచిపెట్టారంటన్నా, దాన్ని వెతకడానికి పోతున్నాం" అన్నాను. టీ తిరగబోస్తున్న చెయ్యి గాల్లోనే ఆగింది. బెంచీ మీద పేపరు చూస్తున్న ఇద్దరు తలెత్తారు. వాళ్ళలో పెద్దాయన నా బూట్లని, మా మేనల్లుడి వీపు మీది బ్యాగుని తీరిగ్గా చూసి, "తవ్వేదానికి ఏం తెచ్చుకున్నారు?" అని అడిగాడు.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఉదయగిరి లాంటి కోట ఊళ్ళో దాచిన డబ్బా అంటే ఒకటే అర్థం, గుప్తనిధి. పాడుబడ్డ గుడిలో నంది కింద, మండపం కింద రాత్రికి రాత్రి గునపాలతో పెళ్ళగించి పోయేవాళ్ళ కథలు ఈ పక్క ఎవరినడిగినా రెండు చెబుతారు. దానికి తోడు ఇవి ఎర్రచందనం చెట్లున్న కొండలు. పొద్దున్నే కారేసుకొచ్చి, చేతిలో జీపీఎస్ పెట్టుకుని, డబ్బా డబ్బా అంటున్న ఆడమనిషి, వెంట ఒక కుర్రాడు. ఆ బెంచీ మీద నేను కూర్చుని ఉన్నా అనుమానపడేదాన్నే.

"తవ్వేది లేదు తాతా, ఇది ఆట" అని చిన్నోడు సర్దబోయాడు. పక్కాయన, దొరికితే ఏమొస్తాది అన్నాడు. ఏమీ రాదు, లోపల పుస్తకంలో పేరు రాసి మళ్ళీ అక్కడే పెట్టేసి వస్తాం అన్నాడు వీడు. ఆ జవాబుతో పరిస్థితి ఇంకా చెడింది. పెద్దాయన మాత్రం పేపరు మడిచి, "సరే పోండి. కొండ మీద మేకలోళ్ళు తిరగతా ఉంటారు. దోవ తప్పితే వాళ్ళని అడగండి" అన్నాడు. మేమేం దారి తప్పుతాం, మా దగ్గర ఉపగ్రహాలు ఉన్నాయి కదా అనుకుంటూ టీ డబ్బులిచ్చి బయటపడ్డాం.

ఈ ఆట పేరు జియోకాషింగ్. తెలుగులో దీనికి మాట లేదు కాబట్టి మా ఇంట్లో "డబ్బా వేట" అంటున్నాం. మా అన్న కొడుకు చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతూ అంటించుకున్నాడు, సంక్రాంతి సెలవులకి వచ్చి నాకు అంటించాడు. ఎవరో ఒకరు నీళ్ళు దూరని డబ్బాలో చిన్న పుస్తకం, నాలుగు చిల్లర వస్తువులు వేసి ఎక్కడో దాస్తారు. ఆ చోటు అక్షాంశం, రేఖాంశం అందరికీ తెలిసేలా పెడతారు. వెతికి పట్టుకున్నవాళ్ళు పుస్తకంలో పేరు, తేదీ రాయాలి. లోపల ఏదైనా నచ్చితే తీసుకోవచ్చు, కానీ అంత విలువైనదో, అంతకంటే మంచిదో బదులు పెట్టాలి. తినే వస్తువులు పెట్టకూడదు, జంతువులు చేరతాయి. డబ్బాని భూమిలో పాతకూడదు. టీ అంగట్లో చెప్పాల్సిన మాట నిజానికి ఇదే, తవ్వడం ఈ ఆటలో నిషేధం. సమయానికి తోచలేదు.

ఇది మొదలైన తీరు నాకు భలే నచ్చింది. పూర్వం అమెరికా వాళ్ళు జీపీఎస్‌లో మామూలు జనానికి అందే సిగ్నల్‌ను కావాలనే కొంచెం చెడగొట్టి వదిలేవాళ్ళు. చెప్పిన చోటుకి ఓ వంద మీటర్లు అటూ ఇటూ చూపించేది. 2000 మే మొదట్లో ఆ చెడగొట్టడం ఆపేశారు. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన, చూద్దాం ఇప్పుడు ఎంత కచ్చితంగా ఉందో అని, ఒక బకెట్టు అడవిలో పెట్టి దాని అంకెలు ఇంటర్నెట్‌లో రాశాడు. పుస్తకాలు, వీడియోలు, ఒక పంగలకర్ర కూడా పెట్టాడంట అందులో. పంగలకర్ర అనేసరికి నాకు ఆయన మన ఊరి మనిషే అనిపించాడు.

మా అత్తగారికి చెబితే వేరుగా అర్థమైంది. "పోపుల డబ్బా యాడ పెడతావో రోజూ నేను వెతకతానే ఉండాను. దానికి కొండెక్కాల్నా" అంది.

మొదటి ప్రయాణం ముక్కనుమ మరుసటి రోజు. నెల్లూరు నుంచి ఉదయగిరి వంద కిలోమీటర్ల లెక్క. ముంబై రోడ్డు పట్టుకుని బుచ్చి, సంగం దాటి, ఆత్మకూరులో ఆగి కారం దోశ తిన్నాం. అక్కడి నుంచి కాసేపటికి పడమట వెలికొండలు నీలంగా గోడ కట్టినట్టు కనబడతాయి. దగ్గరకొచ్చేకొద్దీ ఆ గోడలోంచి ఉదయగిరి దుర్గం విడిగా ముందుకొస్తుంది. ఎత్తు 3,079 అడుగులు. ఈ కోట పట్టడానికి శ్రీకృష్ణదేవరాయలకి ఏడాదిన్నర పట్టింది. సైన్యం కోట దాకా చేరడానికి గుట్టలు తొలిచి, బండలు పగలగొట్టి దారులు వేయించాడని న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాసిపెట్టాడు. 1514లో కోట చేతికొచ్చింది. ఇదంతా దారిలో చిన్నోడికి నేను చెప్పిన పాఠం. ఆ సాయంత్రం మోకాళ్ళు పట్టుకుని కిందికి దిగుతూ వాడు అదే పాఠం నాకు అప్పజెప్పాడు: "ఏడాదిన్నర అంటే ఎందుకో ఇప్పుడు అర్థమైందత్తా."

మేం ఎక్కింది కోట ఉన్న కొండ కాదు. పాత కట్టడాల జోలికి పోకుండా, ఆ డబ్బా పెట్టిన మనిషి వేరే రాతి గుట్ట వెన్ను ఎంచుకున్నాడు. ఏ గుట్టో చెప్పను. చెబితే తర్వాత వచ్చేవాళ్ళకి వెతకడానికి ఏం మిగలదు. డబ్బాలకి రెండు మార్కులుంటాయి, ఒకటి నుంచి ఐదు దాకా. మొదటిది కనిపెట్టడం ఎంత కష్టమో, రెండోది నేల ఎంత కష్టమో. మాదానికి కనిపెట్టడంలో రెండు, నేలకి నాలుగు. చేరడమే కష్టం, చేరితే దొరికినట్టే అని లెక్క. లెక్క వరకు బాగానే ఉంది.

ఒక్కటి మాత్రం పద్ధతిగా చేశాం. అడవిలోకి పోతున్నాం కాబట్టి ముందురోజే అటవీశాఖ వాళ్ళని అడిగి, పొద్దున కింద ఉన్న వాచర్‌కి బ్యాగు విప్పి చూపించాం. ఆరు లీటర్ల నీళ్ళు, పులిహోర, పులిబొంగరాలు, తాడు, టార్చి, ఉదయగిరి చెక్క చెంచా ఒకటి. చెంచా చూసి ఆయన మొహం కొంచెం విప్పారింది. ఈ ఊరి చెక్క గరిటెలు, చెంచాలు జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి ప్రత్యేక సరుకు అనే సర్కారు గుర్తింపు ఉన్నవి. నర్ది, బిక్కి, కల్ది లాంటి ఈ చుట్టుపక్కల అడవి కర్రతోనే చేస్తారు. డబ్బాలో పెట్టడానికి మన ఊరి వస్తువు ఉండాలని నేనే కొన్నాను. వాచర్ నోటు పుస్తకంలో మా పేర్లు, ఫోన్ నంబర్లు, ఎక్కిన టైము రాయించుకుని, ఎదురుగా "పని" అని ఉన్న గడి చూపించాడు. "ట్రెక్కింగ్" అని రాశాం. టీ అంగడి దెబ్బకి వచ్చిన తెలివి అది.

మొదటి గంట సుఖంగా నడిచాం. మేకల బాట, రెండు పక్కలా పరికి, బలుసు పొదలు, మధ్యలో బెరడంతా మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన ఎర్రచందనం చెట్లు. తర్వాత చెట్లు పలచబడి రాయి మొదలైంది. ఈ వెలికొండల రాయి మన చీమకుర్తి గ్రానైటు లాంటిది కాదు, క్వార్ట్‌జైటు. ఎప్పుడో కోట్లాది ఏళ్ళ కిందట ఇసక గట్టిపడి రాయై, ఆ రాయి లోపల ఒత్తిడికి ఇంకా బిగిసి తయారైంది. ఇది గుండ్రంగా అరగదు. నిలువుగా, అడ్డంగా పగిలి పెట్టెల్లా విడిపోతుంది. అంచులు కత్తిలా ఉంటాయి, జనం, మేకలు తొక్కిన చోట మాత్రం నున్నగా జారుతుంది. పెట్టెకీ పెట్టెకీ మధ్య చెయ్యి పట్టేంత సందు, కొన్నిచోట్ల మనిషే పట్టేంత సందు. డబ్బా దాచేవాడికి ఇంతకంటే మంచి చోటు లేదు. వెతికేవాడికి ఇంతకంటే చెడ్డ చోటూ లేదు.

ఫోన్‌లో బాణం చూపించిన చోటికి పదకొండు గంటలకి చేరాం. ఎదురుగా ఇరవై ముప్ఫై అడుగుల లోతు కోసుకుపోయిన బండ అంచు. ఇచ్చిన సూచనలో జువ్వి చెట్టు అని ఉంది. అక్కడ జువ్వి కాదు గదా, చెట్టే లేదు. రెండు గంటలు వెతికాం. ప్రతి సందులోకి టార్చి వేశాం. చెమటలు పట్టాయని చిన్నోడు బ్యాగులోంచి సెంటు బాటిల్ తీసి కొట్టుకున్నాడు. కొట్టుకున్నాక తల తిప్పి అంచు కింద చూస్తే, కప్పు లాంటి బండకి మూడు పెద్ద తేనెపట్లు వేలాడుతున్నాయి. కొండతేనె. ఒక పట్టు పైన అల లాగా ఏదో కదిలింది, ఒక చివర నుంచి ఇంకో చివరకి. అది చూసి ఆగితే ఏమవుతుందో మా నాయన చిన్నప్పుడే చెప్పాడు. మాట్లాడకుండా, చేతులు ఊపకుండా, వాడి చొక్కా పట్టుకుని వెనక్కి నడిపించాను. వాసనకి రేగుతాయిరా అని వాడికి చెప్పింది వంద గజాలు వచ్చాకే.

అప్పుడే ఎక్కడో కింది నుంచి పీక ఊదిన శబ్దం వచ్చింది. రెండుసార్లు పొడుగ్గా, ఒకసారి పొట్టిగా. మా గురించే ఎవరో వస్తున్నారేమో అని టెన్షన్ పడి, పులిహోర కూడా తినకుండా దిగొచ్చాం. ఇంటికొచ్చి ఆప్‌లో "దొరకలేదు" అని నిజాయితీగా రాశాం. అలా రాయడం కూడా ఆటలో భాగమే. వరసగా నలుగురు అలా రాస్తే డబ్బా ఉందో పోయిందో చూసుకోమని పెట్టినాయనకి తెలుస్తుంది.

తప్పు ఎక్కడ జరిగిందో మూడు రోజుల తర్వాత తెలిసింది. తప్పు నాదే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఎందుకంటే పొద్దస్తమానం అంకెలు సరిచూసే ఉద్యోగం నాది. కొండ మీద సిగ్నల్ ఉండదని, ఆఫ్‌లైన్ మ్యాప్‌లోకి అంకెలు నేనే చేత్తో ఎక్కించాను. ఈ ఆటలో చోటుని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలుగా ఇస్తారు. ఉదాహరణకి 14 డిగ్రీల 52.408 నిమిషాలు అనుకోండి, చివరి అంకెలు మార్చే చెబుతున్నాను. నా మ్యాప్ డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అడిగింది. నేను 52 నిమిషాల 40.8 సెకన్లు అని కొట్టాను. చుక్క అటు జరిపితే సరిపోతుందనుకున్నా. కానీ 0.408 నిమిషం అంటే అరవైతో హెచ్చవేయాలి, 24 సెకన్ల పైచిలుకు వస్తుంది. తేడా 16 సెకన్లు. అక్షాంశంలో ఒక సెకను నేల మీద దాదాపు 31 మీటర్లు. పదహారు ముప్ఫై ఒకట్లు ఎంతో మీరే వేసుకోండి. అర కిలోమీటరు ఉత్తరానికి పోయి తేనెటీగల నెత్తిన నిలబడ్డాం. ఆ అంకె 600 దాటి ఉంటే, సెకన్లు అరవై మించాయని మ్యాపే ఒప్పుకునేది కాదు. 408 కాబట్టి నోరుమూసుకుని తీసుకుంది.

చిన్నోడు ఒక్క మాట అనలేదు. ఆ సెంటు విషయం నేను వాళ్ళ అమ్మకి చెప్పనందుకు బదులు అనుకుంటా.

రెండో ప్రయాణం ఫిబ్రవరిలో, శివరాత్రికి ఇంకా వారం ఉందనగా. మార్చి వచ్చిందంటే ఆ రాయి మీద చెయ్యి ఆనదు, ఎండుగడ్డికి మంటలు కూడా. ఈసారి టీ అంగట్లో నోరు మెదపలేదు. అదే బెంచీ మీద అదే పెద్దాయన. "మళ్ళీ వచ్చినారే" అని మాత్రం అన్నాడు. వాచర్ నోటు పుస్తకంలో మళ్ళీ ట్రెక్కింగ్ అనే రాశాం.

ఈసారి బాణం తీసుకుపోయిన చోట వెన్ను ఒక మెడలాగా సన్నబడింది. అటు లోయ, ఇటు లోయ, మధ్యలో రెండు బారల వెడల్పు బండల వరస. దాని మీద, మట్టన్నదే లేని చోట, ఒక కొండజువ్వి. కాండం నా నడుమంత కూడా లేదు గానీ వేళ్ళు బండని ఆవు పొదుగు పట్టుకున్న చెయ్యిలా పట్టుకుని, పగుళ్ళ వెంట పది పన్నెండు అడుగులు కిందికి దిగాయి. చూడగానే ఇద్దరం అరిచాం. సూచన ఇదే: "మర్రి కాదు, జువ్వి. వేళ్ళ వెనక, మోకాలెత్తున." ఈ సూచనల్ని నేరుగా చదవలేకుండా ఇంగ్లీషు అక్షరాలు పదమూడేసి జరిపి రాస్తారు. ఏ ఉండాల్సిన చోట ఎన్, బీ ఉండాల్సిన చోట ఓ. ఎవరికి వాళ్ళు కావాలనుకుంటేనే విప్పుకోవాలి. మొదటిసారి నేను కొండెక్కకముందే విప్పేశాను, నాకంత ఓపిక లేదు.

వేళ్ళ వెనక చూశాం. ఏమీ లేదు.

మోకాలెత్తున అంటే ఎవరి మోకాలు అని చిన్నోడు, పెట్టినాయన పొడుగేమో అని నేను. నడుమెత్తున చూశాం, మడమెత్తున చూశాం. ఫోన్‌లో తేడా ఒకసారి 4 మీటర్లు అంటుంది, రెండడుగులు వేస్తే 18 అంటుంది. ఇలాంటి చోట అంతే. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తునుంచి వచ్చిన సిగ్నల్ నేరుగా ఫోన్‌కి కొంత, ఎదురు బండకి తగిలి తిరిగొచ్చేది కొంత. కొండల్లో మన కేక మనకే రెండుసార్లు వినపడ్డట్టు, ఫోన్‌కి తనెక్కడుందో రెండు జవాబులు వినపడతాయి. అందుకని బ్యాగు జువ్వి మొదట్లో పెట్టి, దాన్ని నడిమధ్య చేసుకుని, చుట్టూ వలయాలుగా వెతకడం మొదలెట్టాం. కర్రతో తట్టకుండా ఏ సందులోనూ చెయ్యి పెట్టకూడదని ముందే ఒట్టు. ఒక సందులో పాము కుబుసం, నిలువెల్లా చిరగకుండా, కళ్ళ దగ్గర పొరలు రెండు అద్దాల్లా మెరుస్తూ. ఇంకో సందులో ఏదుముల్లు దొరికింది, నలుపూ తెలుపూ పట్టీలతో జానెడు పైనే. ఏదుపంది కాపురం అని తెలిసి ఆ సందుకి దండం పెట్టి వదిలేశాం.

గంటన్నర అయింది. మళ్ళీ "దొరకలేదు" అని రాయడానికి మనసు సిద్ధం చేసుకుంటున్నాను. అప్పుడు వినపడింది పీక. రెండు పొడుగు, ఒకటి పొట్టి. ఈసారి దగ్గర్లోనే.

బండల కింద నుంచి ముందు మేకలొచ్చాయి, తర్వాత ఆయన. తలకి తువ్వాలు, భుజాన గొడ్డలి లేని వట్టి కర్ర, మెడలో నల్ల తాడుకి నారింజ రంగు పీక. నైలాన్ తాడు, మంచి కంపెనీ పీక. అది చూసిన చిన్నోడు నా మోచెయ్యి గిల్లాడు. నాకు అప్పటికీ అర్థం కాలేదు.

"ఏమ్మా, ఏం పోగొట్టుకున్నారు?"

ఈసారి అబద్ధం చెప్పే ఓపిక లేక ఉన్నదున్నట్టు చెప్పాను.

"క్లిప్పుల డబ్బానా? అది ఆడ లేదుమ్మా. నేనే తీసి పైన బెట్టినా."

ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తాను, నా మాటల్లో ఆ రుచి రాదు. "మూడేండ్లు కాలా దాన్ని చూసి. ఈ జువ్వి ఆకు మేకలకని కోస్తా ఉంటే ఏళ్ళ సందులో అగపడింది. నేను చేతబడి అనుకున్నా. డబ్బా సుట్టూ ఆకుపచ్చ పట్టీ, లోపల ఏందో గలగలమంటాది. ముట్టుకోలా. రొండు దినాలు ఈ పక్కకే తోలలా మేకల్ని. మా బావని పిలకొచ్చి చూపించినా. ఆయప్ప దూరం నుంచి కర్రతో క్లిప్పులు లేపినాడు. చూస్తే బొమ్మలు, బిళ్ళలు, కాయితాలు. ఇంగిలీషు. ఆదివారం మా మనవణ్ణి తోడుకొచ్చి సదివించినా. వాడన్నాడు, తాతా ఇది ఆట, ఏదన్నా తీసుకుంటే ఏదన్నా పెట్టాలంట అని. ఈ పీక తీసుకున్నా, ఒక గంట పెట్టినా. మేకలకి నోటితో ఈలేసి పండ్లు పోయినాయి, ఇది బాగుండాది."

మరి ఎందుకు మార్చావయ్యా అంటే, వేళ్ళ మీంచి వాన నీళ్ళు కారి నేరుగా డబ్బా మీదే పడుతున్నాయంట. అదీగాక కోతులు ఒకసారి బయటికి లాగాయంట. "పుస్తకం తడిస్తే రాసిండే పేర్లు పోవా?" అన్నాడు.

పది పన్నెండు బారలు పడమటికి తీసుకుపోయి, మా ఇద్దరి తలల కంటే ఎత్తున ఉన్న ఒక బండ అర చూపించాడు. ముందు ఒక రాతిపలక అడ్డం పెట్టి ఉంది. గూట్లో దేవుణ్ణి పెట్టినట్టు పెట్టాడు డబ్బాని. మేం ఆ బండ ముందు నుంచే మూడుసార్లు నడిచాం. సందులన్నీ వెతికాం గానీ తల పైకెత్తి చూడలేదు, మోకాలెత్తు అని రాసుంది కదా.

డబ్బా మా ఇంట్లో మిగిలిన కూర పెట్టే డబ్బాలంతే ఉంది. క్లిప్పులు తీస్తే లోపలి గాలి బయటికి వచ్చిన చప్పుడు, పాత ప్లాస్టిక్ వాసన. ఒక విదేశీ నాణెం, పిడికెడు రాక్షసబల్లి బొమ్మ, తాళంచెవుల గొలుసు, రెండు గోలీలు. ఆకుపచ్చ నూలుతాడు కట్టిన ఇత్తడి గంట ఒకటి, లోపలి నాలుక అరిగి ఒక పక్కకి వాలింది. జిప్పు కవరులో పుస్తకం. ఒక్క చుక్క నీరు తగల్లేదు. పేర్లు ఏడు. ఆరు ఇంగ్లీషు అక్షరాల్లో, చకచకా గీసిన సంతకాలు. ఏడోది తెలుగులో, బడి పుస్తకంలో రాసినట్టు గుండ్రంగా, గీత కొట్టి దాని మీద. పేరు, కింద "ఎనిమిదవ తరగతి, బి సెక్షన్". ఆ కింద ఇంకో వరసలో "మా తాత చూపించెను". పక్కన మేక బొమ్మ, కొమ్ములు రెండూ ఒకే పక్క ఉన్నాయి.

ఎనిమిదో వరస మాది. పెన్సిల్‌తోనే రాశాను, పెన్ను ఇంకు చెమ్మకి అలుక్కుపోతుంది. చెక్క చెంచా లోపల పెట్టాను. బదులుగా ఏమీ తీసుకోలేదు. చిన్నోడి కళ్ళు గంట మీద ఉన్నాయని తెలుసు, ముట్టుకోనివ్వలేదు.

డబ్బా ఎక్కడ పెట్టాలన్నది చిన్న పంచాయితీ అయింది. పెట్టినాయన ఎంచుకున్న చోటు వేరేవాళ్ళు మార్చకూడదు అన్నది నియమం. దొరికిన చోటే పెట్టాలన్నదీ నియమమే. ఇక్కడ రెండూ ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. నేను ఆ పెద్దాయన చోటే మేలన్నాను. నీళ్ళు దిగని చోటు ఏదో మూడు వానాకాలాలు చూసిన మనిషికి తెలిసినంత, ఒక్క పూట వచ్చి పోయినాయనకి తెలియదు. చిన్నోడు పలక పక్కన ఫోన్ పెట్టి పది నిమిషాలు కదపకుండా వదిలేశాడు. అలా వదిలితే ఎగిరెగిరిపడే అంకెలు సగటు మీద స్థిరపడతాయి. ఈసారి దశాంశాలు వాడే రాసుకున్నాడు, నా చేతికివ్వలేదు. ఆ రాత్రే డబ్బా పెట్టినాయనకి కొత్త అంకెలు, మేకలాయన కథ పంపాం. వారానికి జవాబొచ్చింది, అంకెలూ సూచనా రెండూ మార్చానని. ఇప్పుడు సూచన ఏమిటో చెప్పకూడదు గానీ మోకాలు మాట అందులో లేదు.

పులిబొంగరాలు ఆయనతో కలిసి తిన్నాం. దిగడానికి మేం వచ్చిన దారి కాదని, పక్క గొంది లోంచి వేరే బాట చూపించాడు. గంటకి పైగా కలిసొచ్చింది. విడిపోయేముందు, "మా బావ ఉదయగిరిలోనే ఉంటాడు. కనపడితే నేను బాగుండానని చెప్పండి. పొద్దుగూకులూ బస్టాండు కాడ టీ అంగట్లోనే" అన్నాడు.

చిన్నోడూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

వాచర్ దగ్గర సంతకం పెట్టేసి, నాలుగున్నరకి టీ అంగడికొచ్చాం. పెద్దాయన అక్కడే ఉన్నాడు, పొద్దుటి పేపరే. మా మొహాలు చూసి, "దొరికిండాదే" అన్నాడు.

"డబ్బా ఉందని మీకు ముందే తెలుసా పెద్దాయనా?"

"నేనే గదమ్మా కర్రతో తెరిచింది."

"మరి మొదటిరోజే చెప్పొచ్చుగా. రెండుసార్లు వచ్చాం నెల్లూరి నుంచి."

"మీరు ఆట అన్నారు గదా" అని, మాకు కూడా రెండు టీలు చెప్పాడు.